నోటిఫికేషన్ వచ్చేలోగా

(ఆగస్టు 29, తెలుగు భాషా దినోత్సవం నాడు ఒడిశాలోని పర్లాకిమిడిలో జరిగిన సభలో ఒక విశ్రాంత పోస్టల్ ఉద్యోగి చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షుల వారికి, వేదిక మీది పెద్దలకు, ఈ హాలు ఇచ్చిన బడి యాజమాన్యానికి, బరంపురం నుంచి, గుణుపురం నుంచి, రాయగడ నుంచి పనులు మానుకుని వచ్చిన బంధుమిత్రులకు, వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ పిల్లలకు నమస్కారం. తలుచుకోవాల్సిన పేర్లు ఇంకా ఉన్నాయి. పెద్దలు మన్నించాలి, ఇక్కడితో ఆపుతాను. నాకిచ్చింది పావుగంట. నేను మాట్లాడాల్సింది ఆ వెనక నిలబడ్డ వాళ్ళతో. బాబూ, అమ్మా, ముందుకు రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

నాకిచ్చిన అంశం 'యువత - సమయం విలువ'. తెల్లవారుజామున నాలుగింటికి లేవమనీ, టైం టేబుల్ వేసుకోమనీ నేను చెప్పను. అవి మీ ఫోన్లో రోజూ ఎవరో ఒకరు చెబుతూనే ఉన్నారు. నేను పోస్టాఫీసు కౌంటర్ వెనక కూర్చుని చూసింది చెబుతాను.

దరఖాస్తులన్నీ కాగితాల మీద వెళ్ళే రోజుల్లో ఆఖరు తేదీ వచ్చిందంటే మా కౌంటర్ ముందు జాతరే. పోస్టల్ ఆర్డర్ కొనాలి, ఫొటో అంటించాలి, కవరు మీద అడ్రసు రాయాలి, రిజిస్ట్రీ చేయించాలి. బల్ల మీద ఒక్కటే జిగురు డబ్బా. ఫొటో అంటించి, ఆరడానికి ఉఫ్ ఉఫ్ మని ఊదుతూ, "ఇంకో రెండు నిమిషాలు సార్" అని బతిమాలేవారు. ఆ ముఖాలు నాకు బాగా గుర్తు. వాటిలో చాలా ముఖాలు ఏడాదికేడాది మళ్ళీ వచ్చేవి. అదే కుర్రాడు, అదే కవరు. మీసం మాత్రం చిక్కబడేది. రైల్వే, బ్యాంకు, స్టాఫ్ సెలక్షన్, ఒడిశా ప్రభుత్వ ఉద్యోగాలు, ఏదైనా సరే. నడుమ నడుమ ఏం చేస్తున్నావు నాయనా అంటే ఒకటే జవాబు: "ఏటీ లేదండి, ఖాళీయే. ప్రిపేరవుతున్నాను."

ఒక అబ్బాయి సంగతి చెప్పాలి. తెలివైనవాడు, లెక్కల్లో చురుకు. వాళ్ళ నాన్న బజారులో చిన్న కిరాణా కొట్టు నడిపేవాడు. కొట్టులో కూర్చుంటానని అబ్బాయి అంటే తండ్రి వద్దన్నాడు. "నువ్వు చదువుకో, ఈ తక్కెడ నీకెందుకు" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. పగలు పుస్తకం ముందు కునికిపాట్లు, సాయంత్రం మహేంద్రతనయ నది ఒడ్డున స్నేహితులు, రాత్రి టెన్షన్. చివరికి వయోపరిమితి దాటిపోయింది. అప్పటికి కొట్టూ లేదు, తండ్రి మంచాన పడ్డాడు. ఆ అబ్బాయి సూరత్ మరమగ్గాలకు వెళ్ళిపోయాడు. మన గంజాం వైపు ఇంటికొకరు వెళ్ళే దారే అది. పనిచేసి బతకడం తప్పేం కాదు. ఆ మధ్యలో పోయిన యవ్వనం గురించే నా బాధ. పరీక్ష పోతే ఇంకో పరీక్ష ఉంటుంది. ఇరవై నుంచి ఇరవై ఎనిమిది దాకా పోయిన కాలానికి సప్లిమెంటరీ లేదు.

తల్లిదండ్రులారా, మీతో ఒక్క మాట. "మావాడు ప్రిపేరవుతున్నాడు, వాణ్ణి ఏ పనికీ పంపం" అని గర్వంగా చెప్పుకోకండి. మీ ప్రేమ నాకు అర్థమవుతుంది. కానీ ఆ ప్రేమ వల్ల పిల్లవాడికి చేతిలో పనీ లేకుండా పోతోంది, నలుగురితో మాటా లేకుండా పోతోంది.

ఇవాళ ఎవరి పుట్టినరోజని మనం ఇక్కడ చేరాం? గిడుగు రామమూర్తి పంతులు గారిది. దండ వేశాం, దీపం పెట్టాం. ఆయన ఈ ఊరు వచ్చేనాటికి ఎంత వయసో ఎవరైనా చెప్పగలరా? పదిహేడేళ్ళు! 1863లో పుట్టారు, చిన్నతనంలోనే తండ్రి పోయాడు, విజయనగరంలో మేనమామ ఇంట ఉండి 1879లో మెట్రిక్ పాసయ్యారు. గురజాడ అప్పారావు గారు అప్పుడు ఆయన తోటి విద్యార్థి. మరుసటి ఏడు, 1880లో, ఈ పర్లాకిమిడి రాజావారి బడిలో ఫస్టు ఫారం పిల్లలకు చరిత్ర చెప్పే ఉద్యోగం దొరికింది. దాంతో స్థిరపడ్డాననుకుంటే ఎవరూ తప్పు పట్టరు. ఆయన అలా అనుకోలేదు. కొండల మీంచి సంతకు దిగే సవర గిరిజనులను చూశారు. వాళ్ళ భాష నేర్చుకుంటే వాళ్ళ పిల్లలకు చదువు చెప్పవచ్చుననుకున్నారు. తెలుగూ సవరా రెండూ వచ్చిన మనిషిని ఇంట్లోనే పెట్టుకుని, బడి అయ్యాక కూర్చుని నేర్చుకున్నారు. సొంత డబ్బుతో సవర పిల్లలకు బళ్ళు పెట్టి, పంతుళ్ళకు జీతాలిచ్చారు. వంశధార ఒడ్డున ముఖలింగం ఉంది కదా, ఆ గుడి గోడల మీది శాసనాలు తనంతట తానే చదవడం నేర్చుకున్నారు. పై చదువులు ప్రైవేటుగా రాశారు. అలా మొదలైన పని 1931లో సవర వ్యాకరణమై అచ్చయింది, ఆ తర్వాత నిఘంటువూ వచ్చింది. లెక్క వేసుకోండి, యాభై ఏళ్ళు. వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటం అందరికీ తెలుసు. నాకు మాత్రం ఆయనంటే మొదట గుర్తొచ్చేది, సాయంత్రం దీపం ముందు ఒక సవర మనిషిని గురువు స్థానంలో కూర్చోబెట్టుకున్న ఆ కుర్ర మాస్టారు.

"అవి పాతకాలం కబుర్లండి, మాకు పోటీ ఎక్కువ" అంటారు. నిజమే, పోటీ ఉంది. కాదనను. అయినా నా కళ్ళతో చూసిన ఇంకో మనిషి గురించి వినండి. డిగ్రీ అయి, నర్సింగ్ సీటు కోసం చూస్తున్న ఒక అమ్మాయి. పింఛను రోజు గుమ్మా వైపు నుంచి, సెరంగో వైపు నుంచి సవర ఆడవాళ్ళు వచ్చేవారు. ఫారం ఒడియాలో ఉండేది, వాళ్ళకు చదవడం రాదు. ఆ అమ్మాయి బెంచీ మీద కూర్చుని వాళ్ళ ఫారాలు నింపేది. పైసా తీసుకునేది కాదు. ఒక ముసలమ్మ ఒక్కో సవర మాట నేర్పుతుంటే, చింకి నోటు పుస్తకంలో తెలుగు అక్షరాల్లో రాసుకునేది. తప్పు పలికితే ముసలమ్మ తొడ మీద చరిచి నవ్వేది. ఇప్పుడు ఆ అమ్మాయి కొండ మీద ఒక ఆస్పత్రిలో నర్సు. నొప్పులతో వచ్చిన సవర ఆడపడుచుకు ధైర్యం చెప్పగల మనిషి. ఆమె కూడా ఎదురుచూసింది బాబూ. ఊరికే కూర్చుని మాత్రం కాదు.

మన బరంపురంలోనే పుట్టిన వి.వి. గిరి గారు 1913లో, పందొమ్మిదేళ్ళ ప్రాయంలో, లా చదవడానికి డబ్లిన్ ఓడ ఎక్కారు. తర్వాత రైల్వే కార్మికుల నాయకుడై, రాష్ట్రపతి అయ్యారు. ఆయన గురించి చెప్పడానికి టైం చాలదు.

ఇప్పుడు నా కడుపులో మంట చెప్పాలి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడింది. ఈ ఊరు అటు చేరుతోందని గిడుగు వారు ఊరు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. మన తాతలు ఉండిపోయారు. అదే సంవత్సరం మంగై గొమాంగో గారు సవర భాషకు 'సొరంగ్ సొంపెంగ్' అనే లిపి తయారు చేశారు. వాళ్ళు తమ భాషకు కొత్తగా అక్షరాలు చేసుకున్నారు, మనం ఉన్న అక్షరాలు పోగొట్టుకుంటున్నాం. ఒడియా మీద నాకు కోపం లేదు. నా కోడలు ఒడియా ఇంటి బిడ్డ, నా మనవడు రెండూ గలగలా మాట్లాడతాడు. నా కోపమంతా ఒక బీరువా మీద. ఒకప్పుడు మన పఠన మందిరంలో సాయంత్రమైతే పేపర్ కోసం కుర్రాళ్ళు పోటీ పడేవారు. ఇప్పుడు ఆ గదిలో షామియానా గుడ్డలు, విరిగిన కుర్చీలు. తెలుగు పుస్తకాల బీరువాకు తాళం. ముందు వరసలో కూర్చున్న పెద్దలారా, ఆ తాళం చెవి ఎవరి దగ్గరుంది? ఎన్నిసార్లు అడిగినా ఒకరు ఇంకొకరి పేరు చెబుతున్నారు. ఖాళీగా ఉన్న కుర్రాళ్ళు ఒకపక్క, చదివేవాళ్ళు లేక చెదపట్టే పుస్తకాలు ఇంకోపక్క. ఇద్దరికీ మధ్య ఒక తాళం కప్ప! ఏళ్ళ తరబడి ఇలాగే ఉంటే మనం ఏ ముఖంతో ఈ ఫొటోకు దండ వేస్తున్నాం?

పిల్లలూ, మీలో తెలుగులో పేరు రాయగలిగినవాళ్ళు చేతులెత్తండి... సరే, దించండి. ఎత్తనివాళ్ళు సిగ్గుపడొద్దు, మీకెవరూ నేర్పలేదు. మీ నోట్లో తెలుగుంది, ఒడియా ఉంది, హిందీ ఉంది. కొండ ఎక్కితే సవర వినిపిస్తుంది. ఇన్ని భాషలు చెవిన పడే చోట పెరిగినవాళ్ళు పని నేర్చుకోవడానికి విశాఖపట్నం కోచింగ్ దాకా వెళ్ళనక్కర్లేదు. పరీక్షలు రాయండి, తప్పకుండా రాయండి. దాంతోపాటు ఒక పని పట్టుకోండి. ఒకటే చాలు. నాన్న కొట్టు లెక్కలో, మోటారు రిపేరో, సవర మాటలో, మన వీధి ముసలివాళ్ళ పాటలు రాసుకోవడమో.

చీటీ అందింది, ముగిస్తాను. వచ్చే ఆదివారం పొద్దున పది గంటలకు నేను ఆ పఠన మందిరం అరుగు మీద ఉంటాను. తెలుగు అక్షరాలు నేర్చుకోవాలనుకునేవాళ్ళు పలకతో రండి, వచ్చినవాళ్ళు నేర్పడానికి రండి. లోపలి షామియానా గుడ్డలు మోయడానికి బలమైనవాళ్ళు నలుగురు కావాలి. పేర్లు గుమ్మం దగ్గర పుస్తకంలో రాసి వెళ్ళండి. పెద్దలారా, శనివారం సాయంత్రంలోగా తాళం చెవి మా ఇంటికి పంపించండి. నమస్కారం.