స్టార్ట్ నొక్కకముందే
(విజయనగరంలో పాలిటెక్నిక్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ,

మన బొబ్బిలి వీణను ఒకే పనస దుంగను తొలిచి చేస్తారు. ఉలి ఒక్కచోట అదుపు తప్పి దిగిందా, ఆ చెక్కను తిరిగి అతికించడం ఎవరి తరమూ కాదు. కంప్యూటర్ ఆదేశాలతో కోసే సీఎన్‌సీ యంత్రం దగ్గరా అంతే. పైగా ఇక్కడ టూల్‌ను, అంటే కోసే పనిముట్టును, నడిపేది చెయ్యి కాదు, కదలికల ఆదేశాలు రాసిన ఒక ఫైలు.

నేను పనిలో చేరిన కొత్తలో, ఒక రాత్రి షిఫ్టులో అల్యూమినియం పలక బిగించి స్టార్ట్ నొక్కాను. 2 మిల్లీమీటర్లు కోయాల్సిన టూల్ ఆగకుండా దిగి, పలకను చీల్చి, కింది వైస్‌కు తగిలి విరిగింది. ఫైలు తెరిచి చూస్తే జెడ్ మైనస్ 2 (రెండు కిందికి) అనే ఉంది. లేనిది జీ21, అంటే కొలతలు మిల్లీమీటర్లలో అని చెప్పే ఆదేశం. అంతకుముందు పని అంగుళాల్లో చేసి యంత్రాన్ని అలాగే వదిలేశాం. 2 అంగుళాలంటే 50.8 మిల్లీమీటర్లు! ఆ చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తే.

కంట్రోల్ సాఫ్ట్‌వేర్ కోడ్‌లో రాత తప్పులు పట్టుకుంటుంది కానీ, మన మనసులోని కొలత దానికెలా తెలుస్తుంది? ఆ పని మన స్క్రిప్టు, అంటే ఫైలును ముందే తనిఖీ చేసే చిన్న ప్రోగ్రాము, చెయ్యాలి. మాక్3 అనే కంట్రోల్ సాఫ్ట్‌వేర్‌లో దాన్ని వీబీస్క్రిప్ట్ భాషలో, మాక్4లో లువా భాషలో రాయవచ్చు. లినక్స్‌సీఎన్‌సీలో అయితే ఫైలును ముందుగా మన పైథాన్ ఫిల్టర్ గుండా పంపవచ్చు.

లువాలో ఫైలు తెరుచుకోకపోతే 'నిల్' (ఏమీ లేదు) వస్తుంది. ముందు అది చూడండి. తర్వాత చివరి వరుసల్లో ప్రోగ్రాము ముగిసిందని చెప్పే ఎం30 గానీ ఎం2 గానీ ఉందా? లేకపోతే పెన్‌డ్రైవ్‌లో కాపీ సగంలోనే ఆగి ఉండవచ్చు. మొదటి కదలికకు ముందే జీ20 (అంగుళాలు) లేదా జీ21 ఉందా? ఫైలు పిలిచిన టూల్ యంత్రంలోని టూళ్ల పట్టికలో ఉందా?

అసలు కష్టం హద్దుల దగ్గర, అంటే యంత్రం ఎంత దూరం కదలగలదన్న చోట. ఎక్స్, వై, జెడ్ అంకెలు ఏరే ముందు బ్రాకెట్లలోని వ్యాఖ్యలు తీసెయ్యాలి. లేకపోతే ఎవరో రాసుకున్న 'ఎక్స్ 900' కూడా కదలికగా లెక్కకొస్తుంది. జీ91 కనిపిస్తే ప్రతి అంకే టూల్ అప్పుడున్న చోటు నుంచి కొలిచినది, కాబట్టి అంకెలను వరుసగా కూడుకుంటూ పోవాలి. జీ2, జీ3 చాపాల్లో రెండు కొసలూ హద్దులోనే ఉన్నా మధ్య భాగం బయటికి ఉబ్బవచ్చు. వచ్చిన విలువలకు జీ54 ఆఫ్‌సెట్ (యంత్రం సున్నా నుంచి మన పని సున్నా ఉన్న దూరం) కలిపాకే యంత్రం హద్దుతో పోల్చాలి. ఇది మరిచిపోయిన తనిఖీ లేనిదానికన్నా ప్రమాదం, ఎందుకంటే దాన్ని నమ్ముతాం.

తప్పు దొరికితే ఫైలు లోడ్ కాకూడదు. ఇందులో నేను రాజీ పడను. షిఫ్టు చివర్లో అలసిన చెయ్యి ఏ హెచ్చరిక కనిపించినా ఓకే నొక్కేస్తుంది. సందేశం కూడా '214వ వరుస: ఎక్స్ 612, హద్దు 600' అన్నట్టు ఉండాలి. ఉత్త 'ఎర్రర్' అని వస్తే ఆపరేటర్ ఎక్కడని వెతుకుతాడు?

ఈ పెన్‌డ్రైవ్‌లో ఎం30 తీసేసిన ఫైలు ఒకటి, జీ21 లేనిది ఒకటి ఉన్నాయి. పక్క గదిలో సీఎన్‌సీ రౌటర్ (కోత యంత్రం) ఆన్ చేసి ఉంది. టూల్ తీసేశాను. రండి, మన స్క్రిప్టు రెండింటినీ ఆపుతుందో లేదో చూద్దాం.