“వెళ్లి ఆడుకో” అంటే సరిపోదు

అందరికీ నమస్కారం.

బడి నుంచి రాగానే పిల్లల్ని మనం అడిగేది హోంవర్క్ గురించి. ఆ తర్వాత, డబ్బాలో అంతా తిన్నావా అని. ఇంటర్వెల్‌లో ఎవరితో ఉన్నావని అడిగేవాళ్లు తక్కువ.

అడిగినా, “నాకు ఒంటరిగా ఉంది” అని ఏడేళ్ల పాప చెప్పకపోవచ్చు. కడుపునొప్పి అంటుంది. పెన్సిల్ పోయిందని గంటసేపు ఏడుస్తుంది. ఇంత చిన్నవాళ్లకు ఒంటరితనమేంటి అని మనం కొట్టిపారేస్తాం. 1984లో స్టీవెన్ ఆషర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు మూడు నుంచి ఆరో తరగతి వరకు పిల్లల్నే అడిగి చూశారు. నూటికి పదిమందికి పైగా ఒంటరిగా ఉన్నామన్నారు.

అలాగని మూలన కూర్చుని బొమ్మలు వేసుకునే ప్రతి పాప గురించీ టెన్షన్ పడొద్దు. ఆమె కళ్లు కాగితం మీద ఉన్నాయా, అవతల జరిగే ఆట మీద ఉన్నాయా? అది గమనించండి.

ఆట మీద ఉంటే మనం ఠక్కున అనే మాట, “వెళ్లి ఆడుకో.” ఎలా వెళ్లాలి? కొత్త ఆఫీసులో మొదటిరోజు భోజనానికి ఎవరి పక్కన కూర్చోవాలో మనకే తోచదు కదా! 1981లో పుటల్లజ్, గాట్‌మన్ అనే పరిశోధకులు పిల్లలు గుంపులోకి ఎలా వెళ్తారో గమనించారు. తోటివాళ్లు ఇష్టపడే పిల్లలు అక్కడ జరిగేదానికి తగ్గట్టుగా కలుస్తారు. మిగతావాళ్లు ఎక్కువగా ప్రశ్నలు వేస్తారు, సొంత సంగతులు చెబుతారు, అలా కాదంటూ అడ్డుపడతారు. అంటే ఇది కొంతవరకు నేర్పగలిగే పని. “నన్నూ చేర్చుకోండి” అని అడిగితే “వద్దు” అనడం తేలిక. వాళ్లు దిమ్మెలతో ఇల్లు కడుతుంటే, పక్కన కూర్చుని ఒక దిమ్మె అందించమని చెప్పండి. ముందు ఇంట్లో మీతోనే అలా ఆడించి చూడండి.

ఇంకో మాట. పాపకు పదిమంది స్నేహితులు అక్కర్లేదు. తరగతిలో పెద్దగా ఎవరూ పట్టించుకోని పిల్లలకు కూడా ఒక్క మంచి స్నేహం ఉంటే ఒంటరితనం తగ్గుతుంది. కాబట్టి ఇంటికి గుంపును పిలవకండి, ఒక్కరినే పిలవండి. గంటసేపు చాలు. చేతికి ఏదో ఒక పని ఇవ్వండి. ఊరికే “మాట్లాడుకోండి” అంటే ఇద్దరూ గోడలు చూస్తారు.

టీచర్లకు ఒక మనవి, కాస్త కోపంగానే చెబుతున్నాను. ఇద్దరు కెప్టెన్లను పెట్టి జట్లు ఎంచుకోమనడం ఆపేయండి. చివరికి ఎవరు మిగులుతారో తరగతి మొత్తానికీ తెలుసు. జట్లు మీరే వేయండి. మొక్కలకు నీళ్లు పోయడం, పుస్తకాలు పంచడం లాంటి పనులు ఇద్దరిద్దరికి ఇవ్వండి. జతలు కొన్ని వారాలు మార్చకండి, పరిచయం కుదరడానికి సమయం పడుతుంది.

ఎవరైనా ఏడిపిస్తుంటే, కావాలని వెలివేస్తుంటే మాత్రం నేర్పాల్సింది ఆ పాపకు కాదు. అక్కడ పెద్దవాళ్లు కల్పించుకోవాలి. తిండి, నిద్ర తగ్గి, బడంటేనే భయపడుతుంటే పిల్లల మానసిక సమస్యలు చూసే కౌన్సెలర్‌ను కలవండి.

“నాతో ఎవరూ ఆడరు” అని పాప అన్నప్పుడు “అదేం లేదులే” అనకండి. ఈరోజు ఇంటర్వెల్‌లో ఎక్కడ నిలబడ్డావు, పక్కన ఎవరున్నారు, వాళ్లేం ఆడుతున్నారు అని అడగండి. రేపు ఎవరి దగ్గరికి వెళ్లొచ్చో ఆ జవాబుల్లోనే దొరకొచ్చు.

ఇక మీరు అడగండి.