‘అన్నారు’ అని రాస్తే చాలదా?

శ్రోతలకు నమస్కారం.

ఒక నాయకుడు సభలో ప్రత్యర్థులను విమర్శించారనుకుందాం. మర్నాడు ఒక పత్రికలో ఆయన ‘నిప్పులు చెరిగారు’. మరో పత్రికలో ‘అక్కసు వెళ్లగక్కారు’. మూడోదాంట్లో ‘నోరు పారేసుకున్నారు’. ఆయన అన్న మాటలు మూడింటిలోనూ అవే. వాక్యం చివర క్రియ ఒక్కటే మారింది.

నేను చాలా ఏళ్లు ఓ దినపత్రిక జిల్లా డెస్కులో సబ్ ఎడిటర్‌గా పనిచేశాను. మండలాల నుంచి విలేకరులు పంపే వార్తల్లో ఎక్కువగా ‘అన్నారు’, ‘చెప్పారు’ అనే ఉండేది. రంగు అద్దేది డెస్కులోనే. మాకు నచ్చిన నాయకుడైతే ‘స్పష్టం చేశారు’, నచ్చనివాడైతే ‘బుకాయించారు’. రైతు మాట్లాడితే ఎప్పుడూ ‘వాపోయాడు’. ఆ రైతు లెక్కలు తీసి గిట్టుబాటు ధర ఎందుకు రాలేదని అధికారులను నిలదీసినా సరే, మా వార్తలో వాపోవాల్సిందే.

ఇందులోనే ఇంకొకటి ఉంది. నాయకుడికి ‘రు’, రైతుకు ‘డు’. కుంభకోణం కేసులో పెద్దమనిషి ‘అరెస్టయ్యారు’. సైకిలు దొంగతనం కేసులో కూలీ ‘పట్టుబడ్డాడు’. ఇద్దరి మీదా నేరం ఇంకా రుజువు కాలేదు. రెండో వార్తలో ‘పోలీసుల కథనం ప్రకారం’ అన్న మాట కూడా చాలాసార్లు ఎగిరిపోతుంది. ఇంగ్లిషు క్రియలో ఈ తేడా దాక్కోవడానికి చోటే లేదు. మన భాషలో ప్రతి వాక్యం చివరా ఉంది.

అందుకే పత్రిక చదివేటప్పుడో, టీవీలో స్క్రోలింగ్ చూసేటప్పుడో ఆ క్రియ తీసేసి ‘అన్నారు’ పెట్టి చూడండి. ఎవరు, ఎక్కడ, ఏమన్నారో అప్పటికీ తెలుస్తుంటే ఆ వార్తలో సరుకుంది. ‘తెలిసింది’, ‘సమాచారం’ అని ముగిసే వాక్యాల దగ్గర ఇంకాస్త ఆగండి. పేరు బయటపడితే ఉద్యోగం పోయే చిరుద్యోగి చెప్పిన నిజం కావచ్చు. అయితే దానికి తోడుగా ఒక పత్రమో, ఒక లెక్కో వార్తలో కనిపించాలి.

డబ్బు తీసుకుని వేసే వార్తల సంగతి వేరు. అక్కడ రంగు అద్దడం కాదు, అమ్మకమే. 2009 ఎన్నికల తర్వాత, పత్రికల ప్రమాణాలు చూసే ప్రెస్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా దీనిమీద ఇద్దరు సభ్యుల ఉపసంఘం వేసింది. జర్నలిస్టు పరంజయ్ గుహ ఠాకుర్తా ఒకరు, మన తెలుగు జర్నలిస్టు కె. శ్రీనివాసరెడ్డి ఇంకొకరు. పోటీ పత్రికల్లో ఒకే ఫొటో, ఒకే శీర్షిక, ఒకే కథనం వేర్వేరు విలేకరుల పేర్లతో వచ్చిన వైనాన్ని వాళ్లు బయటపెట్టారు. ఒకే పేజీలో ఇద్దరు ప్రత్యర్థులూ గెలుస్తారని రాసిన సందర్భాలున్నాయి. 2010లో కౌన్సిల్ కుదించిన నివేదికనే విడుదల చేసింది. పత్రికల పేర్లున్న పూర్తి నివేదిక 2011లో, కేంద్ర సమాచార కమిషన్ ఆదేశించాకే బయటికొచ్చింది. ఇతరుల రహస్యాలు తవ్వే వృత్తి తన సంగతి దాచుకోవాలని చూడటం నాకిప్పటికీ బాధే. అదే ఏడాది అక్టోబరులో ఎన్నికల సంఘం ఉత్తరప్రదేశ్ ఎమ్మెల్యే ఉమ్లేష్ యాదవ్‌పై మూడేళ్ల అనర్హత వేటు వేసింది. అలాంటి వార్తలకైన ఖర్చు ఎన్నికల లెక్కల్లో చూపలేదన్నది కారణం.

ఒక పత్రికను నమ్మాలా వద్దా అనుకున్నప్పుడు నేను వెతికేది మాత్రం చిన్న విషయం. అరెస్టు వార్త వేసినవాళ్లు, ఆ మనిషి నిర్దోషి అని తేలిన రోజు ఆ సంగతి వేశారా?

ఒకసారి ఓ పెద్దాయన మా ఆఫీసుకు వచ్చారు. కొన్నేళ్ల కిందట మేం ఆయన్ను ఫొటోతో సహా ‘డు’ పెట్టి రాశాం. చేతిలో కోర్టు తీర్పు కాగితం. “బాబూ, కేసు కొట్టేశారు. ఈ ముక్క కూడా వేయండి, మా ఊళ్లో వాళ్లు చదువుతారు” అన్నారు. అక్కడికక్కడే నాలుగు వాక్యాలు రాసి పైకి పంపాను. స్థలం లేదని ఆపేశారు. మర్నాడూ పంపాను. ఆ తర్వాత ఆయన మళ్లీ రాలేదు.