మెండెల్‌సన్ ఇ మైనర్ వయొలిన్ కాన్చెర్టో: కేడెంజా చోటు మారిన కథ

నమస్కారం. జర్మన్ స్వరకర్త ఫెలిక్స్ మెండెల్‌సన్ రాసిన ఇ మైనర్ వయొలిన్ కాన్చెర్టో ఎలా రూపుదిద్దుకుందో ఈ పాఠంలో తెలుసుకుందాం. ఒక ప్రధాన వాద్యానికీ ఆర్కెస్ట్రాకూ కలిపి రాసిన రచనను కాన్చెర్టో అంటారు. ఇ మైనర్ అంటే ‘ఇ’ అనే స్వరం ఆధారంగా సాగే ఒక స్వరశ్రేణి.

జర్మనీలోని లైప్‌జిగ్ నగరపు గెవాంట్‌హౌస్ ఆర్కెస్ట్రాకు మెండెల్‌సన్ 1835లో సారథి అయ్యారు. మరుసటి ఏడాది ఆయన మిత్రుడు ఫెర్డినాండ్ డేవిడ్ ఆ బృందంలో మొదటి వయొలిన్ స్థానంలో చేరారు. రానున్న శీతకాలానికి నీకొక వయొలిన్ కాన్చెర్టో రాయాలని ఉందనీ, ఇ మైనర్‌లో ఒకటి తలలో మెదులుతోందనీ, దాని ఆరంభం తనను స్థిమితంగా ఉండనివ్వడం లేదనీ 1838 జూలైలో మెండెల్‌సన్ డేవిడ్‌కు ఉత్తరం రాశారు. రచన పూర్తయ్యేసరికి 1844 సెప్టెంబరు వచ్చింది. అప్పటికీ తృప్తిపడక, ఏ స్వరాలు వేళ్లకు అందుతాయో, ఏవి తీగలపై బాగా పలుకుతాయో డేవిడ్‌ను అడిగి దిద్దుతూనే ఉన్నారు. 1845 మార్చి 13న లైప్‌జిగ్‌లో తొలి ప్రదర్శన జరిగింది. మెండెల్‌సన్ అస్వస్థులుగా ఉండడంతో నీల్స్ గాడె ఆర్కెస్ట్రాను నడిపించగా, డేవిడ్ వయొలిన్ వాయించారు.

ఆయనను అంతగా వేధించిన ఆ ఆరంభాన్ని వినండి. బేతోవెన్ వయొలిన్ కాన్చెర్టోలో 88 బార్లు (బార్ అంటే తాళం ప్రకారం విభజించిన ఒక చిన్న కొలత) ఆర్కెస్ట్రా వాయించాకే ప్రధాన వయొలిన్ వస్తుంది. ఇక్కడ మాత్రం రెండో బార్‌లోనే ప్రధాన స్వరమాలికను వయొలిన్ అందుకుంటుంది. మొదటి భాగం ముగిశాక కూడా విరామం లేదు. బసూన్ అనే ఊదే వాద్యం ఒక స్వరాన్ని పట్టి ఉంచి, రెండో భాగంలోకి తీసుకువెళుతుంది.

నా దృష్టిలో అన్నిటికన్నా సాహసమైనది కేడెంజా, అంటే ఆర్కెస్ట్రా ఆగి వయొలిన్ ఒక్కటే వాయించే ఘట్టం. అంతకుముందు అది సాధారణంగా మొదటి భాగం చివర వచ్చేది. అందులో ఏం వాయించాలన్నది తరచు కళాకారుడి ఇష్టానికే వదిలేసేవారు. మెండెల్‌సన్ దానిలోని ప్రతి స్వరాన్నీ తానే రాసి, ప్రధాన స్వరమాలిక తిరిగి రావడానికి సరిగ్గా ముందు నిలిపారు. కేడెంజా చివర కమాను నాలుగు తీగల మీదుగా ఎగిరెగిరి పడుతూ స్వరాలను వేగంగా విరజిమ్ముతుంది. ఆ వాయిద్యం ఆగకుండానే ఆర్కెస్ట్రా మొదటి స్వరమాలికను మళ్లీ ఎత్తుకుంటుంది. అంతవరకు ఏకాకిగా పలికిన వయొలిన్ ఇప్పుడు ఆర్కెస్ట్రాకే తోడు వాద్యమవుతుంది. ఆ కలయికను ఒకటికి రెండుసార్లు వినండి. ఎక్కడ అతుకు పడిందో చెవికి దొరకదు. 1878లో రష్యన్ స్వరకర్త చైకోవ్‌స్కీ రాసిన వయొలిన్ కాన్చెర్టోలోనూ కేడెంజా సరిగ్గా ఇదే చోట, స్వరకర్త స్వయంగా రాసినదై వస్తుంది.