కడియం ముందా, వెనకా?

చందు: ఎర్ర లైటు వెలిగింది. అందరికీ నమస్కారం. నేను చందు, పక్కన రాఘవన్న, ఆయన ముందు యథాప్రకారం తెల్ల పెయింటు సీసా.

రాఘవ: సీసా జోలికి రాకు. టాపిక్ చెప్పు.

చందు: లోటస్ సెవెన్ లాంటి తేలిక స్పోర్ట్స్ కారుని రేసు ట్రాక్ మీదికి తీసుకెళ్లే ముందు, లోపల కూర్చునే మనిషి కోసం చూసుకోవాల్సినవి మూడు. కారు బోల్తా పడితే తలని కాపాడే రోల్ బార్, మనిషిని సీటుకి కట్టేసే బెల్టులు అంటే హార్నెస్, ప్రొపెల్లర్ షాఫ్ట్. ఒక్కోదానికి పది నిమిషాలు.

రాఘవ: పది నిమిషాలు! ఎపిసోడ్ పదకొండులో కూడా ఇదే అన్నావు.

చందు: పదకొండు ఊసు ఎత్తకూడదని ఒప్పందం. రోల్ బార్ కానిచ్చేస్తా. హెల్మెట్ పెట్టుకుని, బెల్టు బిగించి, మామూలుగా నడిపే భంగిమలో కూర్చోండి. బార్ పై అంచు హెల్మెట్ కంటే కనీసం 50 మిల్లీమీటర్లు ఎత్తులో ఉండాలి. సీటు మారిస్తే మళ్లీ కొలవాలి. అయిపోయింది. షాఫ్ట్‌కి రా.

రాఘవ: ముందు పేరు తేల్చాలి, లేకపోతే సగం ఉత్తరాలు దీని మీదే వస్తాయి. బ్రిటన్‌లో డ్రైవ్‌షాఫ్ట్ అంటే డిఫరెన్షియల్ నుంచి, అంటే రెండు చక్రాలకీ శక్తి పంచే గేర్ల పెట్టె నుంచి, చక్రానికి పోయేది. అమెరికాలో అదే మాట గేర్‌బాక్స్ నుంచి వెనక డిఫరెన్షియల్‌కి పోయే పొడుగు గొట్టానికి వాడతారు. ఇవాళ మనం మాట్లాడేది ఆ గొట్టం గురించి. లారీ షెడ్డులో ప్రొపెల్లర్ షాఫ్ట్ అంటామే, అదే.

చందు: తేలిక కార్లలోనే దీనికి ఇంత భయం ఎందుకో చెప్పు.

రాఘవ: మామూలు కారులో షాఫ్ట్ నేల రేకు కింద ఉంటుంది. పైన మందపాటి ఉక్కు, దాని మీద కార్పెట్, ఆ పైన సీటు. సెవెన్ అలా కాదు. 1957లో లోటస్ తెచ్చినప్పుడూ అంతే, 1973లో హక్కులు కేటర్‌హామ్‌కి వెళ్లాకా అంతే. మనిషి దాదాపు నేల మీద కూర్చుంటాడు. షాఫ్ట్ అతని తుంటి ఎత్తులో, ఇద్దరి మధ్య టన్నెల్‌లో తిరుగుతుంది. నడిపేవాడు మోచెయ్యి ఆనించేది ఆ టన్నెల్ మీదే. మధ్యలో అడ్డం సన్నటి గొట్టాల చట్రం, మిల్లీమీటరు చిల్లర మందం అల్యూమినియం రేకు.

చందు: అప్పడం.

రాఘవ: అప్పడమే. అందుకే కడియం.

చందు: కొత్తగా వినేవాళ్లకి, మా భాషలో కడియం అంటే సేఫ్టీ హూప్. షాఫ్ట్ చుట్టూ ఛాసిస్‌కి బిగించే ఉక్కు చుట్టు. డ్రాగ్ రేసింగ్‌లో, అంటే తిన్నటి దారిలో కొద్ది దూరం పెట్టే పందేల్లో, అమెరికా సంస్థ ఎన్‌హెచ్‌ఆర్‌ఏ దీనికి కొలతలే రాసిపెట్టింది. పూర్తిగా 360 డిగ్రీల చుట్టు. పట్టీ అయితే పావు అంగుళం మందం, 2 అంగుళాల వెడల్పు. గొట్టం అయితే 7/8 అంగుళం వ్యాసం, 0.065 అంగుళం గోడ. షాఫ్ట్ రెండు కొసల్లోనూ కోణంలో కూడా తిరగనిచ్చే జాయింటు ఒక్కోటి ఉంటుంది కదా, కడియం ముందు జాయింటుకి 6 అంగుళాల లోపు ఉండాలి. కాబట్టి కడియం ముందు. వాదన అయిపోయింది.

రాఘవ: ఎక్కడ అయిపోయింది? ఆ నియమం డ్రాగ్ కారుకి రాసింది. ముందు జాయింటు తెగితే షాఫ్ట్ ముందు కొస కింద పడి రోడ్డులో గుచ్చుకుంటుంది, పోల్ వాల్ట్ కర్రలా కారుని వెనక నుంచి ఎత్తేస్తుంది. వాళ్ల భయం అది. న్యాయమైన భయమే, కాదనను. కానీ సెవెన్‌లో డిఫరెన్షియల్ ఎక్కడుంది?

చందు: సీట్ల వెనకే.

రాఘవ: అంటే వెనక జాయింటు ఎవరి పక్కన ఉన్నట్టు? మనిషి నడుము పక్కన! అది తెగిందనుకో. ముందు కొస ఇంకా గేర్‌బాక్స్‌ని పట్టుకునే ఉంది. ఇంజిన్ మీద లోడు ఒక్కసారిగా పోయింది కాబట్టి రెవ్‌లు పైకి లేస్తాయి. తెగిన వెనక కొస ఆ రెవ్‌ల మీద గిరగిరా కొట్టుకుంటుంది, సరిగ్గా తుంటి ఎముక పక్కన. ఆరు పాయింట్ల హార్నెస్ బిగించుకున్న మనిషి పక్కకి అంగుళం కూడా జరగలేడు, చందూ. జరగకూడదనే కదా దాన్ని బిగించింది.

చందు: ...సరే. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. కానీ వెనకది తెగితే కాలు యాక్సిలరేటర్ మీంచి తీసి క్లచ్ తొక్కితే షాఫ్ట్‌కి ఊపు తగ్గుతుంది. ముందుది తెగితే ఆ దారి లేదు. వెనక కొస డిఫరెన్షియల్‌కి అంటుకునే ఉంటుంది, దాన్ని తిప్పేది చక్రాలు. క్లచ్ తొక్కినా తిరుగుతుంది, ఇంజిన్ ఆపినా తిరుగుతుంది. కారు ఆగితేనే ఆగుతుంది. ఏది ఎక్కువ సేపు కొడుతుందో చూడు, అక్కడ కడియం పెట్టు.

రాఘవ: ఎక్కువ సేపు కొట్టేది ఒకటి, మనిషికి దగ్గరగా కొట్టేది ఒకటి. అందుకే రెండూ పెట్టమంటున్నా.

చందు: బరువు?

రాఘవ: వచ్చాడయ్యా గ్రాముల లెక్కవాడు.

చందు: ఐదారు వందల కిలోల కారు అన్నా, లెక్క వేయకపోతే ఎలా? లోపలి వ్యాసం 110 మిల్లీమీటర్లు అనుకుందాం. 6 మిల్లీమీటర్ల మందం, 50 వెడల్పు ఫ్లాట్ పట్టీతో చుట్టు చేస్తే ఒక్కోటి 860 గ్రాములు. అదే 22 మిల్లీమీటర్ల గొట్టం, 1.65 గోడ అయితే 340 గ్రాములు. గొట్టంతో రెండు చేసినా పట్టీతో ఒకటి చేసినంత బరువు ఉండదు. నేను గొట్టం వైపు.

రాఘవ: చూశావా, నీ లెక్కతోనే రెండు కడియాలు వచ్చాయి. పట్టీ కంటే గొట్టం నాకూ ఇష్టమే. పట్టీకి అంచులుంటాయి. తిరిగే షాఫ్ట్ ఆ అంచు మీద పడితే రంపం కింద పెట్టినట్టే. పట్టీయే వాడేటట్టయితే లోపలి అంచులు ఆకురాయితో గుండ్రంగా అరగదీయాలి. అల్యూమినియంతో మాత్రం చెయ్యకండి. రెండు మూడు దెబ్బలకి చిరిగి విప్పుకుంటుంది.

చందు: బిగించే పద్ధతి.

రాఘవ: చట్రం గొట్టాలకి బిగించాలి. టన్నెల్ రేకుకి కాదు. రేకుకి రివెట్లు కొట్టిన కడియాలు చూస్తుంటాం. షాఫ్ట్ తగిలితే రేకుతో సహా ఊడొచ్చి అది కూడా మనిషి మీదికే వస్తుంది. చట్రానికి చెవులు వెల్డ్ చేయించి, కడియాన్ని రెండు సగాలుగా చేసి, ఎం8 సైజు 8.8 గ్రేడు బోల్టులతో కలపాలి. అలా చేస్తే షాఫ్ట్ దింపాల్సి వచ్చినప్పుడు కింది సగం విప్పితే చాలు. నైలాక్ నట్లు, అంటే వదులు కాకుండా లోపల నైలాన్ రింగు ఉన్నవి, కొత్తవి వాడాలి. బిగించాక ప్రతి బోల్టు మీద...

చందు: తెల్ల గీత.

రాఘవ: తెల్ల గీత! నట్టు మీంచి ఫ్లాంజ్ మీదికి, అంటే బోల్టులు పట్టే చదును అంచు మీదికి, ఒకే గీత. గీత విరిగిందంటే నట్టు కదిలినట్టు. స్పానర్ అక్కర్లేదు, టార్చి చాలు. వెనక ఫ్లాంజ్ బోల్టులకి కూడా ఇదే మందు. జాయింటు నిక్షేపంగా ఉండి, నాలుగు బోల్టులు వదులై షాఫ్ట్ పడిపోవడం ఎంత అన్యాయం!

చందు: ఖాళీ ఎంత వదలాలి?

రాఘవ: అక్కడే చాలామంది తప్పు చేస్తారు. గేర్‌బాక్స్ రబ్బరు మౌంట్ల మీద ఊగుతుంది కదా, ముందు కడియానికి చుట్టూ 15 మిల్లీమీటర్లు ఉంటే సరిపోతుంది. వెనకది కారుని బట్టి మారుతుంది. డీ డియాన్ రకం వెనక సస్పెన్షన్ ఉన్న కారులో డిఫరెన్షియల్ ఛాసిస్‌కే బిగించి ఉంటుంది, షాఫ్ట్ పైకీ కిందికీ ఆడదు, గుండ్రటి కడియం చాలు. పాత లైవ్ యాక్సిల్ కారులో డిఫరెన్షియల్ యాక్సిల్‌లోనే ఉంటుంది, యాక్సిల్‌తో పాటు షాఫ్ట్ వెనక కొస కూడా లేస్తుంది. అక్కడ కోడిగుడ్డు ఆకారంలో నిలువుగా పొడుగ్గా చేయాలి. జాక్ మీద సస్పెన్షన్‌ని పైదాకా నొక్కి ఒకసారి, పూర్తిగా వేలాడదీసి ఒకసారి కొలవాలి. కొలవకుండా చేస్తే మొదటి గతుకులోనే కడియమే షాఫ్ట్‌ని కోస్తుంది.

చందు: ఒప్పుకున్నా. కానీ నీ లిస్టులో మూడోది ఉంది, అది నాకు మింగుడు పడదు. ప్లేటు.

రాఘవ: కడియం షాఫ్ట్‌ని పట్టుకుంటుంది. ముక్కల్ని పట్టుకోదు. జాయింటు మధ్యలో ప్లస్ గుర్తు ఆకారపు ముక్క ఉంటుంది, అదే క్రాస్. దాని నాలుగు కొసలకీ బేరింగు కప్పులు, వాటిని ఊడకుండా పట్టే రింగులు సర్‌క్లిప్‌లు. సర్‌క్లిప్ ఊడితే కప్పు బయటికి ఎగురుతుంది. నువ్వే లెక్క చెప్పు, 7000 ఆర్‌పీఎం, మధ్య నుంచి 40 మిల్లీమీటర్ల దూరంలో ఉన్న కప్పు.

చందు: సెకనుకి 29 మీటర్లు. గంటకి 105 కిలోమీటర్లు.

రాఘవ: ఆ వేగంతో ఒక ఉక్కు ముక్క, మధ్యలో అప్పడం, అవతల తొడ. అందుకే సీటు పక్క టన్నెల్ లోపల ఉక్కు రేకు. 600 పొడవు, 200 ఎత్తు.

చందు: 3 మిల్లీమీటర్ల మందం అయితే ఒక్కో వైపు 2.8 కిలోలు. రెండు వైపులా 5.6! రెండు కడియాలకి 700 గ్రాములు కూడా లేవు. ఇది కారా, ఇనప్పెట్టెనా?

రాఘవ: 3 ఎవరన్నారు? 1.6 వెయ్యి.

చందు: ఒక్కో వైపు కిలోన్నర. అయినా మూడు కిలోలు. నేనైతే ఆ కప్పు ఎగరకుండా చూసుకుంటా. కొత్త క్రాస్, కొత్త సర్‌క్లిప్. బరువు సున్నా.

రాఘవ: క్రాస్ కొత్తదైతే తెగదా? ఎక్కించేటప్పుడు కప్పు లోపలి సన్నటి బేరింగు సూదుల్లో ఒక్కటి పక్కకి ఒరిగినా కప్పు పూర్తిగా లోపలికి దిగదు. క్లిప్ గాడిలో సగమే కూర్చుంటుంది. చూడ్డానికి కూర్చున్నట్టే ఉంటుంది. మొదటి గేరులో గట్టిగా లాగించగానే ఊడుతుంది.

చందు: అందుకే క్లిప్ పెట్టాక క్రాస్‌ని పట్టుకునే పంగ, అదే యోక్, దాని చెవి మీద సుత్తితో చిన్నగా తట్టాలి, చేత్తో నాలుగు వైపులా వంచి చూడాలి. ఎక్కడ పట్టేసినా విప్పి సూదులు లెక్కపెట్టుకోవాలి. అది చేస్తే ప్లేటు ఎందుకు?

రాఘవ: చేయనివాడి కోసం.

చందు: చేయనివాడు ప్లేటు మాత్రం పెడతాడా? ... నవ్వకు, నిజంగానే అడుగుతున్నా.

రాఘవ: సరే సరే. ప్లేటు నా మాట, వద్దనేది నీ మాట. వినేవాళ్లు వాళ్ల తొడని బట్టి తేల్చుకుంటారు.

చందు: ఒకరు విర్లింగ్ గురించి అడిగారు. షాఫ్ట్ ఒక వేగం దాటితే తాడాటలో తాడులా మధ్యలో వంగి తిరగడం. పొడవు వర్గాన్ని బట్టి ఆ వేగం పడిపోతుంది. 50 మిల్లీమీటర్ల ఉక్కు గొట్టం, 1.65 గోడ. మీటరు పొడవుంటే లెక్క ప్రకారం దాదాపు 8100 ఆర్‌పీఎం. 1.2 మీటర్లయితే 5600. అదే 70 సెంటీమీటర్లయితే 16000 దాటుతుంది. అసలు షాఫ్ట్‌లో జాయింట్ల వల్ల ఇంకా తగ్గుతుంది కాబట్టి ఇందులో ముప్పావు వంతు లోపే ఉండాలి.

రాఘవ: సెవెన్‌లో షాఫ్ట్ పొట్టిది, విర్లింగ్ భయం పెద్దగా లేదు. పొడుగు ముక్కు కార్లు, గేర్‌బాక్స్ మార్చినవాళ్లు చూసుకోవాలి. ఓవర్‌డ్రైవ్, అంటే ఇంజిన్ కంటే షాఫ్ట్ వేగంగా తిరిగే గేరు, దాన్ని మర్చిపోతారు. ఫోర్డ్ టైప్ 9 గేర్‌బాక్స్‌లో ఐదో గేరు నిష్పత్తి 0.82. ఇంజిన్ 6000లో ఉంటే షాఫ్ట్ 7300లో ఉంటుంది.

చందు: మొదటి గేరులో కథ తిరగబడుతుంది. 3.65 నిష్పత్తి. ఇంజిన్ 160 న్యూటన్ మీటర్లు ఇస్తే షాఫ్ట్ మీద 584. అందుకే జాయింటు తెగేది స్టార్ట్ లైన్ దగ్గర, గొట్టం వంగేది స్ట్రెయిట్ చివర.

రాఘవ: తెగే ముందు చెబుతుంది, వినేవాడుండాలి. కప్పు అంచున ఎర్రటి తుప్పు పొడి కనిపిస్తే లోపల గ్రీజు లేనట్టే. ముందుకీ వెనక్కీ గేరు మార్చినప్పుడు టక్కుమని చప్పుడు. కారు స్టాండ్ల మీద ఎక్కించి, న్యూట్రల్‌లో పెట్టి, ఒక చేత్తో షాఫ్ట్, ఇంకో చేత్తో ఫ్లాంజ్ పట్టుకుని ఎదురెదురుగా తిప్పండి. వెంట్రుకంత ఆట తగిలినా క్రాస్ మార్చాల్సిందే. గ్రీజు ఎక్కించే నిపిల్ ఉన్న క్రాస్‌కి గ్రీజు గన్ కొడితే నాలుగు కప్పుల దగ్గరా బయటికి రావాలి. మూడిట్లో వచ్చి నాలుగోదాంట్లో రాకపోతే, చచ్చేది ఆ నాలుగోదే.

చందు: స్ప్లైన్, అంటే షాఫ్ట్ ముక్కలు ఒకదాంట్లో ఒకటి దూరే పళ్ల అతుకు, దాన్ని విప్పేవాళ్లకి ఒక మాట. విప్పే ముందే రెండు ముక్కల మీదా గుర్తు పెట్టుకోండి. రెండు కొసల యోక్‌లు ఒకే వరసలో ఉండాలి. ఒక్క పన్ను తప్పి ఎక్కినా వణుకు మొదలవుతుంది.

రాఘవ: గుర్తు దేంతో పెట్టాలి?

చందు: చెప్పను.

రాఘవ: చెప్పు.

చందు: తెల్ల పెయింటుతో. తృప్తేనా? జాయింటు కోణం?

రాఘవ: రెండు కొసల కోణాలూ సమానంగా ఉండాలి, ఒకటి నుంచి మూడు డిగ్రీల లోపు. సున్నా డిగ్రీలు ఇంకా మంచిదనుకుంటారు. కాదు. కోణమే లేకపోతే సూదులు దొర్లవు, ఉన్నచోటే గుంత తవ్వుకుంటాయి.

చందు: ఒకటి మర్చిపోయాం. టన్నెల్‌లోంచి వెనక బ్రేకు పైపు తీసుకెళ్లిన కార్లుంటాయి. షాఫ్ట్ కొట్టుకుంటే మొదట పోయేది అదే. అంటే కారు ఆపాల్సిన క్షణంలోనే వెనక బ్రేకు లేదు.

రాఘవ: ఆ పైపుని టన్నెల్ పై మూలకి, చట్రం గొట్టం చాటుకి జరపాలి. కడియానికి బయట. కడియం లోపల్నుంచి పైపు పోనిచ్చిన వాళ్లకి ఏం చెప్పాలో నాకు తెలీదు.

చందు: టైము అయిపోయింది. హార్నెస్ పది నిమిషాలు ఎవరో తినేశారు. ఒక్క ముక్క: భుజాల పట్టీలు వెనక్కి పోయేటప్పుడు అడ్డగీతకి 45 డిగ్రీలు దాటి కిందికి దిగకూడదు, దిగితే గుద్దుకున్నప్పుడు వెన్నుపూసని కిందికి నొక్కుతాయి. నడుం పట్టీ తుంటి ఎముక మీద, పొట్ట మీద కాదు.

రాఘవ: ఆ నడుం పట్టీని తగిలించే రింగు తల బోల్టు, ఐబోల్టు, టన్నెల్ వైపు ఉంటుంది కదా.

చందు: ఉంటుంది.

రాఘవ: దాని కొస టన్నెల్ లోపలికి ఎంత పొడుచుకొచ్చిందో ఎవరైనా చూస్తారా? షాఫ్ట్‌కి ఎంత దూరంలో ఉందో?

చందు: ...చూడరు.

రాఘవ: ప్లేటు పెట్టేటప్పుడు చూస్తారు.

చందు: మళ్లీ ప్లేటు! ఆపేస్తున్నా, నేను ఆపేస్తున్నా.

రాఘవ: ఆ బోల్టు మీద కూడా గీత...