రోగి కదలలేదు, మీరే సరిగా నిలబెట్టలేదు

ఎక్స్‌రే తీసే టెక్నీషియన్లకు నమస్కారం. మన ఎక్స్‌రే గదుల్లో చెలామణి అయ్యే ఒక అబద్ధం గురించి ఈ రోజు మాట్లాడదలచుకున్నాను. చిత్రం వంకరగా వచ్చిందంటే చాలు, “రోగి కదిలాడండీ” అనే మాట సిద్ధంగా ఉంటుంది. ఎక్స్‌పోజర్ సమయంలో, అంటే కిరణాలు పడే క్షణంలో, రోగి కదిలితే చిత్రం మసకబారుతుంది. పక్కటెముకల అంచులు సన్నని గీతల్లా తేటగా ఉండి, ఛాతీ మాత్రం ఒక పక్కకు తిరిగి ఉందంటే, ఆ మనిషి బొమ్మలా కదలకుండా నిలబడ్డాడనే అర్థం. కాకపోతే వంకరగా నిలబడ్డాడు, ఆ వంకరను మీరు చూడలేదు.

“నేను సరిగానే నిలబెట్టాను, బటన్లుండే ప్యానెల్ దగ్గరికి వెళ్లేలోపు తిరిగిపోయాడు” అంటారా? మరి బటన్ నొక్కే ముందు అద్దపు కిటికీలోంచి చూడవలసింది ఎవరు?

మళ్లీ తీయాలా వద్దా అన్న వాదన మీకు తెలిసిందే. రేడియేషన్ దండగ అని ఒక వర్గం, ఇలాంటి చిత్రంతో రిపోర్టు రాయలేమని మరో వర్గం. మొదటి చిత్రంలో తప్పేమిటో చదవకుండా రెండోది తీయడం జూదమని మాత్రం ఎవరూ అనరు!

చదవడం ఎంత తేలికో ఛాతీ చిత్రంలోనే చూడండి. రెండు కాలర్ ఎముకల లోపలి కొసలు వెన్నుపూస ముల్లుకు సమాన దూరంలో ఉండాలి. రోగి ఛాతీని డిటెక్టర్‌కు, అంటే చిత్రాన్ని పట్టే పలకకు, ఆనించి వీపు వైపు నుంచి తీసిన పీఏ చిత్రంలో ఏ వైపు కొస వెన్నెముకకు ఎక్కువ దూరం జరిగిందో, ఆ వైపు భుజం డిటెక్టర్ నుంచి వెనక్కి వచ్చిందని అర్థం. కాబట్టి ఆ భుజాన్నే ముందుకు తేవాలి. అదే రోగి వీపు ఆనించి ఛాతీ వైపు నుంచి తీసిన ఏపీ చిత్రంలో ఈ లెక్క తలకిందులవుతుంది. ఇది పట్టించుకోకపోతే ఒక ఊపిరితిత్తి రెండోదానికంటే నల్లగా, గుండె నీడ ఆకారం మారి కనిపిస్తాయి. లేని జబ్బును వెతికే పని వైద్యుడి మీద పడుతుంది.

మోకాలిని పక్క నుంచి తీసే పక్కవాటు చిత్రం దగ్గర నా సహనం పూర్తిగా నశిస్తుంది. తొడ ఎముక కింది కొసన ఉండే రెండు గుండ్రని ఉబ్బులు, అంటే కాండైల్స్, ఒకదానిపై ఒకటి పడాలి. అవి ముందు వెనుకలుగా విడిపోతే తప్పు కాలు తిప్పడంలో ఉంది. పైకీ కిందికీ విడిపోతే కిరణాలు వదిలే ట్యూబు కోణాన్నో, తొడ వాలునో చూడాలి. మోకాలి బయటి వైపును డిటెక్టర్‌పై ఆనించి తీసినప్పుడు లోపలి కాండైల్ ముందుకు వచ్చిందంటే, మోకాలి చిప్ప డిటెక్టర్ వైపు వాలిపోయిందన్నమాట. చిప్పను కాస్త పైకి తిప్పాలి. ఎంత? కనిపించిన ఎడంలో సగమే, ఎందుకంటే కాలు తిప్పినప్పుడు రెండు కాండైల్సూ ఎదురెదురు దిశల్లో జరుగుతాయి. ఈ “సగం” తెలియనివారు ఆ దూరమంతా ఒకేసారి తిప్పేసి, తప్పును అవతలి వైపుకు మార్చి, మూడోసారి తీస్తారు.

దీనంతటికీ డిజిటల్ యంత్రాలే కారణమని నా గట్టి అనుమానం. చిత్రం నల్లబడినా తెల్లబడినా సాఫ్ట్‌వేర్ చాలావరకు సర్దేస్తుంది, అంచులు కత్తిరించేయవచ్చు, నచ్చనిదాన్ని క్షణంలో పక్కన పడేయవచ్చు. ఫిల్ము రోజుల్లో పాడైన ఫిల్ములు చెత్తబుట్టలో పోగుపడి మనల్ని వెక్కిరించేవి, ఇప్పుడు ఆ సిగ్గు కూడా పోయింది. అయితే తిరిగిపోయిన ఎముకను తిన్నగా చేసే మీట ఏ యంత్రంలోనూ లేదు.

ఇంత చెప్పినా, ఒక్కచోట మాత్రం మీ చేతులు కట్టుకోమంటాను. తుంటి చిత్రంలో లెస్సర్ ట్రోకాంటర్, అంటే తొడ ఎముక పైభాగాన లోపలి వైపు ఉండే చిన్న ఉబ్బు, పెద్దగా కనిపిస్తే కాలు బయటికి తిరిగిందని అర్థం, మామూలుగా అయితే దాన్ని 15 నుంచి 20 డిగ్రీలు లోపలికి తిప్పుతాం. కానీ కింద పడి వచ్చిన మనిషి కాలు పొట్టిగా, బయటికి తిరిగి ఉంటే, అది పొజిషనింగ్ లోపం కాకపోవచ్చు. తుంటి ఎముక విరిగిందనడానికి అదే గుర్తు కావచ్చు. ఆ కాలును తిప్పకండి. పక్కవాటు చిత్రం కావాలంటే కాలిని ఉన్నచోటే ఉంచి, ట్యూబునే పక్కకు తెచ్చి అడ్డంగా తీయండి.