ఎం3యూని ఎంపీ3గా మార్చొచ్చా? ఫూబార్2000, వీఎల్‌సీ రివ్యూ

నమస్కారం అండీ. "ఎం3యూ ఫైల్‌ని ఎంపీ3గా మార్చే సాఫ్ట్‌వేర్ ఏది?" అని చాలామంది వెతుకుతుంటారు. ఈ వీడియోలో రెండు ఉచిత ప్లేయర్లతో ఆ పని చేసి చూద్దాం. నేను చూపిస్తున్నవి రెండూ విండోస్ వెర్షన్లే.

ముందు అసలు సంగతి. ఎం3యూ అంటే ప్లేలిస్ట్, అంటే పాటల జాబితా ఫైల్. అందులో పాట ఉండదు. పాట ఎక్కడుందో చెప్పే అడ్రస్ మాత్రమే ఉంటుంది. సైజు చూడండి: వంద పాటల లిస్ట్ అయినా పది పదిహేను కేబీలే. అందుకే దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకుని ఇంకో కంప్యూటర్‌లో పెడితే ఒక్క పాటా మోగదు.

ఈ ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరుద్దాం. మొదటి లైన్ హ్యాష్ గుర్తుతో ఎక్స్‌టీఎం3యూ. తర్వాతి లైన్‌లో ఎక్స్‌టీఐఎన్ఎఫ్, కోలన్, 245, కామా, పాట పేరు. ఆ 245 పాట నిడివి, సెకన్లలో. ఇది తెర మీద చూపించడానికే, తప్పు రాసినా పాట పూర్తిగానే మోగుతుంది. దాని కింద లైన్ ఉంది చూశారా, డీ డ్రైవ్, సాంగ్స్ ఫోల్డర్, ఫైల్ పేరు? ప్రాణమంతా అక్కడే ఉంది. ఫోల్డర్ పేరు మార్చినా, డ్రైవ్ అక్షరం మారినా లిస్ట్ మూగబోతుంది.

దీనికి నేను చెప్పే మందు ఒకటే. ప్లేలిస్ట్‌ని పాటలున్న ఫోల్డర్‌లోనే పెట్టండి. కంట్రోల్ హెచ్ నొక్కి, ఫైల్ పేరుకు ముందున్న దారి మొత్తాన్ని ఖాళీతో రీప్లేస్ చెయ్యండి. ఇక ఆ ఫోల్డర్ ఎక్కడికి వెళ్లినా లిస్ట్ పనిచేస్తుంది. లోపల సబ్‌ఫోల్డర్లుంటే బ్యాక్‌స్లాష్‌లను ఫార్వర్డ్ స్లాష్‌లుగా మార్చండి, లేకపోతే ఆండ్రాయిడ్, లైనక్స్ ప్లేయర్లు తికమకపడతాయి.

తెలుగు ఫైల్ పేర్లున్నవాళ్లు ఇది జాగ్రత్తగా వినండి. ఎప్పుడూ ఎం3యూ8గానే సేవ్ చెయ్యండి, అంటే అన్ని భాషల అక్షరాలూ పట్టే యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్. పాత ఎం3యూలో తెలుగు అక్షరాల బదులు ప్రశ్నార్థకాలు కనిపిస్తే ఆ పేర్లు సేవ్ చేసినప్పుడే పోయాయి, తిరిగి రావు. అలా కాకుండా వింత లాటిన్ అక్షరాలు కనిపిస్తే సమాచారం లోపల భద్రంగానే ఉంది, యూటీఎఫ్-8గా తెరిస్తే సరిపోతుంది. ఇంకోటి, నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేసేటప్పుడు 'విత్ బామ్' అన్నది ఎంచుకోకండి. బామ్ అంటే ఫైల్ మొదట్లో చేరే కనిపించని గుర్తు, దానివల్ల కొన్ని ప్లేయర్లు మొదటి లైన్ దగ్గరే ఆగిపోతాయి.

ఇప్పుడు మార్పిడి. మారేది లిస్ట్ కాదు, అందులోని పాటలు. ఫూబార్2000లోకి ప్లేలిస్ట్ లాగి వదలండి. ఎడిట్ మెనూలో 'రిమూవ్ డెడ్ ఐటమ్స్' నొక్కితే దొరకని పాటలు తొలగిపోతాయి. అయితే ముందే ఎన్ని పాటలున్నాయో చూసుకోండి. ఒకేసారి చాలా పోతే పాటలు పోయాయని కాదు, దారి తప్పిందని అర్థం. తర్వాత కంట్రోల్ ఏ, రైట్ క్లిక్, కన్వర్ట్, చివర్లో మూడు చుక్కలు. ఎంపీ3 ఎంచుకుంటే లేమ్ ఎన్‌కోడర్, అంటే ఎంపీ3 తయారుచేసే ప్రోగ్రామ్, ఎక్కడుందని అడగొచ్చు. వాళ్ల సైట్‌లోనే ఉన్న ఫ్రీ ఎన్‌కోడర్ ప్యాక్ ఇన్‌స్టాల్ చేస్తే ఆ గొడవ తీరుతుంది. క్వాలిటీ వీ0 పెట్టండి, బిట్‌రేట్ సగటున 245 కేబీపీఎస్, అంటే సెకనుకు 245 కిలోబిట్ల దగ్గర వస్తుంది. 320 అయితే నిమిషానికి 2.4 ఎంబీ.

వీఎల్‌సీలో మీడియా, కన్వర్ట్ సేవ్. ఇక్కడ చాలామంది పడే గుంట ఒకటుంది: ఆడియో ఎంపీ3 ప్రొఫైల్ ముందుగా 128 కేబీపీఎస్‌తో వస్తుంది. పక్కనున్న పానా గుర్తు నొక్కి, ఆడియో కోడెక్‌లో బిట్‌రేట్ మార్చాలి. ఒకటి రెండు పాటలకు వీఎల్‌సీ చాలు. ప్లేలిస్ట్ మొత్తానికైతే నా ఓటు నిస్సందేహంగా ఫూబార్‌కే.

అసలు మార్చాలా అన్నది కూడా ఆలోచించండి. ఫ్లాక్, అంటే నాణ్యత పోకుండా కుదించిన ఫైల్, నుంచి ఎంపీ3కి మార్చడంలో అర్థముంది. 128 ఎంపీ3ని 320కి మారిస్తే సైజు రెండున్నర రెట్లవుతుంది, పోయిన శబ్దం రాదు, పైగా రెండోసారి కుదించినందుకు ఇంకొంచెం పోతుంది. ఎంపీ3ని ఫ్లాక్ చేసినా అంతే, డిస్క్ నిండడం తప్ప లాభం లేదు. ఎం4ఏ అనే మరో రకం ఆడియో ఫైళ్లను మీ ప్లేయర్ నేరుగా పాడుతుంటే వాటిని కదపకండి. స్ట్రీమింగ్ యాప్‌లో ఆఫ్‌లైన్‌గా దించుకున్న పాటలకు తాళం ఉంటుంది, వాటిని ఈ రెండూ మార్చలేవు.

చివరిగా వరుస సంగతి. కారు స్టీరియోల్లో చాలావాటికి ప్లేలిస్ట్ ఫైల్ చదవడం రాదు. అందుకే ఫూబార్ కన్వర్టర్‌లో డెస్టినేషన్ తెరిచి, నేమ్ ఫార్మాట్ మొదట్లో పర్సెంట్ గుర్తుల మధ్య లిస్ట్ అండర్‌స్కోర్ ఇండెక్స్ అని రాయండి. ఫైల్ పేర్లకు ముందు ప్లేలిస్ట్‌లోని వరుస సంఖ్య చేరుతుంది. కొన్ని స్టీరియోలు పేరును కూడా పట్టించుకోవు, పెన్‌డ్రైవ్‌లోకి ఏది ముందు కాపీ అయితే దాన్నే ముందు పాడతాయి. వాటికి ఖాళీ ఫ్యాట్32 పెన్‌డ్రైవ్ తీసుకుని, పాటల్ని సంఖ్య ప్రకారం ఒక్కొక్కటిగా కాపీ చెయ్యండి.